పరిష్కరించబడింది

తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి వచ్చిన అత్తగారు, "ఇవాళ కూడా మధ్యలో నీళ్ళు విరిగిపోయాయి అమ్మాయ్" అన్నారు.

వంటింట్లో బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న కోడలు తలెత్తి చూసింది. పాలు విరుగుతాయి. మనసు విరుగుతుంది. వేడినీళ్ళు వస్తూ వస్తూ చన్నీళ్ళయిపోతే దాన్ని విరగడం అంటారని ఆమె ఎప్పుడూ వినలేదు. వెంటనే ఆ మాటను ఒక మూల టైపు చేసి పెట్టుకుంది. పెద్దవాళ్ళ నోట ఇలాంటి పాత వాడుక ఒకటి దొరికితే ఆమెకు రోజంతా హుషారుగా ఉండేది.

ఆమె ఉద్యోగం అలాంటిది. ఫోన్లలో తెలుగు టైపు చేసేవాళ్ళకు తప్పు మాట కింద ఎర్రగీత చూపించే సాఫ్ట్‌వేరు తయారుచేసే చిన్న కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తోంది. జనం వాడే మాటల్లో దేన్ని ఒప్పుకోవాలి, దేని కింద గీత పెట్టాలి అన్నది తేల్చడం ఆమె పని. "డిలీట్ కొట్టు" అంటే ఒప్పా తప్పా? ఎవరూ ఎవర్నీ కొట్టకపోయినా అందరూ అదే అంటున్నారు కాబట్టి ఒప్పే. "కంపు" అన్న మాట ఒకప్పుడు పూల వాసనకు కూడా చెల్లేదని, రానురాను ముక్కు మూసుకునే వాసనకే మిగిలిపోయిందని తెలిసిన రోజున ఆ మాట మీద జాలిపడి భర్తకు ఫోన్ చేసి మరీ చెప్పింది. అతను వేరే ఊళ్ళో వంతెన పనుల మీద ఉండేవాడు. ఆదివారాలు వచ్చిపోయేవాడు. "దానికి జరిగిన అన్యాయం మీద కేసు వేద్దామా?" అన్నాడు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. పేర్లూ అంకెలూ ఒక చెవిన విని రెండో మనిషికి పొల్లు పోకుండా చెప్పడం ఆవిడకు జీవితమంతా అలవాటు. ఒక్క అక్షరం మింగేవారు కాదు, ఎవరైనా మింగితే ఊరుకునేవారూ కాదు. కోడలు హడావుడిగా ఏదైనా చెప్పబోతే, "లైను క్లియర్‌గా లేదమ్మా, మళ్ళీ చెప్పు" అనేవారు.

అది చలికాలం. ఆ ఇంట్లో వంటింటికీ స్నానాల గదికీ మధ్య చిన్న వసారా లాంటిది ఉంది. గ్యాసుతో నడిచే గీజరు అందులోనే గోడకు బిగించి ఉంటుంది. దాని పొగ గోడలోంచి బయటికి పోవడానికి ఒక రేకు గొట్టం ఉంది. ఆ వసారా కిటికీ సందుల్లోంచి చలిగాలి కోసేస్తోందనీ, మోకాళ్ళు పట్టేస్తున్నాయనీ అత్తగారు అంటుంటే కోడలే రంగంలోకి దిగింది. ఇంట్లో ఏ మరమ్మతు వచ్చినా ఆమెదే చెయ్యి. కుళాయి వాషర్లు మార్చేది, స్విచ్చులు బిగించేది. ఆ కిటికీ అంచులన్నిటా గట్టిపడే నురగ కొట్టి, గాలి ఆడటానికి పైనున్న చిల్లుల బిళ్ళకు వెడల్పాటి టేపు అంటించేసింది. ఆ రోజు నుంచి ఇల్లు వెచ్చగా ఉంది. అత్తగారు కూడా మెచ్చుకున్నారు.

గీజరు మరమ్మతు ఒక్కటే ఆమె ముట్టుకోలేదు. మంట నీలంగా కాక కొంచెం పచ్చగా కనిపిస్తోందని, మధ్యమధ్య ఆరిపోతోందని ఫ్లాట్ల సంఘం వాళ్ళ యాప్‌లో ఫిర్యాదు పెట్టింది. అందులో గీజరు అన్న విభాగమే లేదు. "కుళాయి", "లిఫ్టు", "కుక్కలు", "ఇతరములు" అని ఉన్నాయి. ఇతరములు నొక్కింది. ఎవరూ రాలేదు. కానీ కొద్దిరోజులకు, "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పరిష్కరించబడింది.

"ఎవరు పరిష్కరించారట?" అన్నాడు భర్త ఫోన్లో.

"చెప్పరు. 'బడింది' అంటారంతే. ఈ 'బడు' ఉందే, చేసినవాడి పేరు చెప్పకుండా తప్పించుకోవడానికి దీన్ని మించిన మాట లేదు. చర్యలు తీసుకోబడతాయి, ఇబ్బందికి చింతించబడుతోంది."

"వాన పడ్డట్టు పరిష్కారం కూడా దానంతటదే పడిందేమోలే" అన్నాడతను. ఇద్దరూ నవ్వుకున్నారు.

అత్తగారు స్నానం చేసొచ్చిన ఇంకో రోజున నీళ్ళ సంగతి ఎత్తకుండా, "అమ్మాయ్, నా కళ్ళజోడు ఉడికిందేమో చూడు" అన్నారు.

కోడలు నవ్వబోయి ఆగిపోయింది. ఆవిడ ముఖంలో హాస్యం లేదు. చెయ్యి చాచి, కోడలు కళ్ళజోడు అందిస్తుందని మామూలుగా ఎదురుచూస్తున్నారు. కోడలు కళ్ళజోడు తెచ్చి చేతిలో పెట్టింది. ఆవిడ పెట్టుకుని పేపరు తీశారు. చదవలేదు. ఒకే పేజీ కేసి చూస్తూ అలాగే కునుకు తీశారు.

కోడలు లాప్‌టాప్ మూలన రాసుకున్న ఆ విరిగిన నీళ్ళ మాట కేసి చూసింది. పాత వాడుక దొరికిందని మురిసిపోయిన మాట ఇప్పుడు ఉడికిన కళ్ళజోడు పక్కన చేరింది. ఆ మాటను చెరిపేసింది.

తర్వాత రోజుల్లో ఆవిడ నోరు తెరిస్తే చాలు, వింటూ బిగుసుకుపోయేది. కొన్నిసార్లు మాటలు తిన్నగానే వచ్చేవి. కొన్నిసార్లు ఒక మాట రావలసిన చోట పక్కవీధి మాట వచ్చి కూర్చునేది. "తల దిమ్ముగా ఉంది" అని పడుకుండిపోయేవారు. కోడలికి కూడా తలనొప్పిగానే ఉండేది. రాత్రుళ్ళు నిద్ర లేక, దిగులు వల్లనేమో అనుకుంది.

భర్తకు చెబితే, "వయసు కదా, చలికి అలా ఉంటుందేమో" అన్నాడు. కానీ అతని గొంతు తగ్గింది. "డాక్టరుకి చూపించు. నేను శనివారమే వచ్చేస్తాను" అన్నాడు.

డాక్టరు దగ్గరకు నడిచే వెళ్ళారు. దారి పొడుగునా చల్లటి గాలి. రోడ్డు దాటుతుంటే అత్తగారు బస్సు మీద రాసున్న అచ్చుతప్పు చూపించి, "ఇదిగో, మీ కంపెనీకి పట్టివ్వు వీణ్ణి" అన్నారు. ఆస్పత్రి వరండాలో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. లోపల డాక్టరు మూడు వస్తువుల పేర్లు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నాడు. ఆవిడ తడుముకోకుండా చెబుతూ పోయి, "నాయనా, నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటున్నావా ఏమిటి?" అన్నారు. చేతులూ కాళ్ళూ లాగి చూశాడు. స్కానింగు కూడా తీయించాడు. అంతా బాగుంది. డాక్టరు అత్తగారి కేసి కాకుండా కోడలి కేసి చూస్తూ, "మీరు కొంచెం విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

బయటికి రాగానే అత్తగారు ఆగారు. "నాకు మతి పోయిందని చెప్పావన్నమాట."

"అలా చెప్పలేదు అత్తయ్యా."

"ఇంకెలా చెప్పావు? కళ్ళజోడు ఉడికిందా అని అడిగానని నా ఎదురుగానే చెప్పావు. నేనెందుకు అంటాను అలాగ?"

ఇంటికొచ్చేదాకా కోడలు రెండడుగులు వెనకగా నడిచింది. పరాయివాళ్ళ ముందు బాగుండి ఇంట్లోకి రాగానే తేడా చేసే జబ్బు ఏముంటుంది? ఉంటే అది ఎవరికి ఉన్నట్టు? ఆవిడ అన్నవన్నీ తను ఊహించుకోవడం లేదు కదా? ఈ ఆలోచన ఆమెకు కొత్తగా పట్టుకున్న భయం.

మర్నాడు అత్తగారే స్నానం చేసి బట్టలు కట్టుకుని వచ్చి, బల్లకు ఎదురుగా కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా. నాకూ తెలుస్తోంది. లోపల సరైన మాటే ఉంటుంది. నోట్లోకి వచ్చేసరికి ఇంకేదో వస్తుంది. ఎవరో తప్పు లైను కలుపుతున్నట్టు." పట్టు బిగించారు. "మావాడికి ఇది చెప్పకు. ఇంకెన్నాళ్ళు మాట్లాడతానో తెలీదు. ఉన్నన్నాళ్ళూ నువ్వు మాత్రం నన్ను దిద్దుతూ ఉండు."

కోడలు అలాగేనంటూ తలూపింది. ఇంతకాలం తనను దిద్దుతూ వచ్చిన మనిషి ఆ మాట అడగడం తట్టుకోలేకపోయింది.

ఆ తర్వాత ఆమెకు సాఫ్ట్‌వేరుతో తగాదా మొదలైంది. ఏం రాసినా కింద ఎర్రగీత. నిన్నమొన్నటిదాకా ఒప్పుకున్న మామూలు మాటల మీద కూడా గీతలే. ఒక వాక్యం రాసి వెనక్కి తిరిగి చూస్తే మొత్తం ఎర్రగా ఉంది. కొత్త వెర్షను వస్తుందని ఆఫీసులో ఎప్పటినుంచో అనుకుంటున్నారు. వచ్చినట్టుంది, వస్తూనే తగలడింది అనుకుంది. అసలే తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది. కోపంగా ఒక ఉత్తరం టైపు చేసి, తనతో పాటు పనిచేసే కామాకు పంపించేసింది. కామా అంటే ఆవిడ పేరు కాదు. కామా ఎక్కడ పెట్టాలన్న దాని మీద ప్రాణాలు తీస్తుందని ఆఫీసులో అందరూ అలా పిలిచేవారు. ఆవిడ అదే ఊళ్ళో ఉంటున్నా కోడలు ఎప్పుడూ కలవలేదు, ఫోన్లో గొంతే పరిచయం.

వెంటనే ఫోన్ మోగింది.

"నువ్వు పంపింది నువ్వు చదివావా?" అంది కామా.

"చదవడానికేముంది. మీ కొత్త వెర్షను పనికిరాదు. అన్నీ తప్పులంటోంది."

"కొత్త వెర్షను ఇంకా ఎవరికీ పంపలేదు. నీ దగ్గరున్నది పాతదే. ఏడాదిగా నువ్వు వాడుతున్నదే."

కోడలికి ఆ మాట బుర్రకెక్కడానికి కొంచెంసేపు పట్టింది.

"నేను చదువుతాను, విను" అంది కామా. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "'సాఫ్ట్‌వేరు కిటికీ తప్పుగా ఉంది. నేను ఉతికిన మాటలన్నీ ఎర్రగా మూస్తోంది మూస్తోంది. దయచేసి దాన్ని పాతగా కట్టండి.' ఇదీ నువ్వు రాసింది. తాగావా?"

"లేదు." తెర కేసి చూసింది. అక్షరాలు కదులుతున్నట్టున్నాయి. ఆ వాక్యాలు చదువుకుంటే ఇప్పటికీ ఆమెకు బాగానే అనిపించాయి. ఎక్కువ భయం వేసింది దానికే. "మా అత్తగారిదే నాకూ వచ్చింది" అంది మెల్లగా. "ఆవిడకి కొన్నాళ్ళుగా ఇలాగే ఉంది. డాక్టరు దగ్గర మాత్రం బాగానే ఉన్నారు. ఇంటికొస్తే మళ్ళీ మామూలే."

"మతి పోవడం జలుబు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడానికి" అంది కామా. "ఇంట్లో ఉంటే వస్తోంది, బయటికెళ్తే పోతోంది. అంతేనా? ఇంట్లో ఇప్పుడు ఏం మండుతోంది?"

"ఏమీ మండట్లేదు. పొయ్యి ఎప్పుడో కట్టేశాను. అత్తయ్య స్నానం చేస్తున్నారు."

ఆ మాట అంటూనే ఆమెకు వసారాలోంచి గీజరు హోరు వినిపించింది. అది ఇందాకట్నుంచీ వినిపిస్తూనే ఉంది.

"గీజరు గ్యాసుదా?"

"ఊఁ."

"బయటికి పో. ఆవిణ్ణి తీసుకుని పో. ఫోన్ పెట్టకు. నేను ఇంకో ఫోన్లో అంబులెన్సుకి చెబుతాను, మీ ఇల్లెక్కడో చెప్పు."

తడుముకుంటూ అడ్రసు చెప్పి లేవబోతే కాళ్ళు తనవి కానట్టున్నాయి. బల్ల పట్టుకుని నిలబడి, గోడ పట్టుకుని వసారాలోకి వెళ్ళింది. ఏ వాసనా లేదు. ఎప్పటిలాగే వెచ్చగా, హాయిగా ఉంది. గీజరు మంట పచ్చగా ఆడుతోంది. గ్యాసు పైపు మీద పిడి ఉంది. దాన్ని ఎన్నోసార్లు తిప్పిన చెయ్యే అది, కానీ ఎటు తిప్పితే మూసుకుంటుందో గుర్తు రాలేదు. ఎటు తిప్పినా అది తప్పేనేమో అనిపించింది. చివరికి కళ్ళు మూసుకుని, పైపుకు అడ్డంగా వచ్చేలా బలంగా లాగింది. హోరు ఆగింది. కిటికీ తోసింది. కదల్లేదు. తను కొట్టిన నురగ రాయిలా పట్టుకుని ఉంది. మూలనున్న తన పనిముట్లలోంచి రెంచీ తీసుకుని అద్దం పగలగొట్టింది. చలిగాలి ముఖాన కొట్టింది.

"అత్తయ్యా, తలుపు తియ్యండి."

లోపల్నుంచి ఏదో మూలుగు.

"అత్తయ్యా, గడియ తియ్యండి."

"ఏమిటి?" అన్నారు ఆవిడ చాలా దూరం నుంచి అన్నట్టు.

"గడియ. బోల్టు. గొళ్ళెం." తెలిసిన మాటలన్నీ అరిచింది. ఏ మాటా ఆవిడకు అందలేదు. లోపల మగ్గు దొర్లిన చప్పుడైంది. తర్వాత నిశ్శబ్దం. కోడలు తలుపును భుజంతో గుద్దింది. భుజం నొప్పి పుట్టింది తప్ప తలుపు చలించలేదు. ఎక్కడో నేల మీద పెట్టిన ఫోన్లోంచి కామా అరుస్తోంది.

కోడలు తలుపుకు నోరు ఆనించింది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "అత్తయ్యా, నా గొంతు వస్తున్న వైపు చెయ్యి పెట్టండి. చెక్క తగులుతోందా? చెయ్యి పైకి తీసుకెళ్ళండి. చల్లగా ఇనుము తగులుతుంది. దాన్ని పట్టుకోండి. పట్టుకున్నారా? పక్కకి లాగండి. అంతే, ఇంకేం వద్దు. పక్కకి లాగండి."

తలుపు మీద చెయ్యి పాకుతున్న చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ పాకింది. ఇనుము ఇనుముతో రాసుకుంది.

తలుపు తెరుచుకోగానే అత్తగారు ఆమె మీద వాలిపోయారు. పెదాలు వేలాడిపోయాయి, కళ్ళు సగమే తెరిచి ఉన్నాయి. తువ్వాలు చుట్టబెట్టి, సగం మోస్తూ, సగం ఈడుస్తూ వంటింటి మీదుగా వీధి గుమ్మం దాటించింది. మెట్ల మీద ఇద్దరూ కూలబడ్డారు. ఎదురింటివాళ్ళు దుప్పటి తెచ్చి కప్పారు. కోడలు వాంతి చేసుకుంది. అత్తగారి చెంపలు తడుతూ, "మాట్లాడండి, ఏదో ఒకటి మాట్లాడండి, తప్పయినా ఫరవాలేదు" అంటూనే ఉంది. అంబులెన్సు వచ్చేదాకా ఆవిడ మాట్లాడలేదు.

ఆస్పత్రిలో రక్తంలో ప్రాణవాయువు కొలిచే క్లిప్పు వేలికి తగిలించి చూస్తే అంకె బ్రహ్మాండంగా ఉందన్నారు. మళ్ళీ అంతా బాగుందనే అంటారు, మళ్ళీ ఇంటికి పంపేస్తారు అనుకుంది కోడలు. కానీ డ్యూటీ డాక్టరమ్మ ఆ అంకెను నమ్మలేదు. గీజరు మాట వినగానే ఇద్దరి రక్తమూ తీయించి, మాస్కులు తగిలించింది. గ్యాసు సరిగ్గా మండకపోతే పుట్టే విషవాయువది, రంగూ వాసనా ఉండవు, రక్తంలో ప్రాణవాయువు చోటు అది ఆక్రమించుకుంటుంది, ఆ క్లిప్పుకు రెండింటికీ తేడా తెలియదు అని చెప్పింది. "ఇంకో స్నానం అయ్యుంటే ఇద్దర్నీ ఇలా మాట్లాడించేదాన్ని కాదు" అంది.

భర్త ఎలా వచ్చాడో, ఎంతసేపటికి వచ్చాడో కోడలికి తెలియదు. రెండు మంచాల మధ్య కుర్చీ వేసుకుని, చెరో చేతిలో చెరొకరి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. కామా కూడా వచ్చింది. ఫోన్లో అంత గంభీరంగా వినిపించే మనిషి తీరా చూస్తే భుజం దాకా కూడా రాదు. మంచం దగ్గర నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, "నీ ఉత్తరంలో ఒక్క కామా కూడా లేదు, అందుకే ఫోన్ చేశాను" అంది. చెప్పాక తనే ఏడ్చేసింది.

గీజరు బాగుచేసే మనిషి చూసి ఏం చెప్పాడో భర్త వచ్చి చెప్పాడు. బయటి గోడకు రంగులేసినప్పుడు నిచ్చెన తగిలి పొగగొట్టం కీలు దగ్గర ఊడిపోయింది. పొగంతా వసారాలోనే ఉండిపోతోంది. కిటికీ సందులు ఉన్నన్నాళ్ళూ కొంత బయటికి పోయేది.

"ఆ సందులు మూసింది నేను" అంది కోడలు. మాస్కు లోపల ఆమె గొంతు సరిగ్గా వినిపించలేదు. "అత్తయ్యా, నేనే మూశాను."

అత్తగారు పైకప్పు కేసి చూశారు. ఆవిడ మాట కోసం వెతుక్కుంటున్నారో, కోపంగా ఉన్నారో కోడలికి తెలియలేదు.

"మూయమన్నది నేను" అన్నారావిడ చివరికి, ఒక్కో మాటా విడివిడిగా. "చలి అని నెలరోజులు నీ ప్రాణం తీసింది నేను. ఇద్దరం కలిసే మూశాం. ఇంక ఆ లెక్క మళ్ళీ తియ్యకు."

ఆస్పత్రి నుంచి తిన్నగా కామా ఇంటికి వెళ్ళారు. కొన్నాళ్ళు అక్కడే ఉన్నారు. కోడలికి తలనొప్పి త్వరగానే తగ్గింది. అత్తగారికి మాటలు నిదానంగా తిరిగొచ్చాయి. ఈలోగా భర్త గీజరు పీకించి కరెంటుది పెట్టించాడు, కిటికీకి కొత్త అద్దం వేయించాడు, విషవాయువు పుడితే కూతపెట్టే పరికరం గోడకు తగిలించాడు. పనులన్నీ అయిపోయాయి కాబట్టి ఒక మధ్యాహ్నం ముగ్గురూ ఇంటికి బయలుదేరారు.

తాళం తీశాక కోడలి కాళ్ళు గుమ్మం దాటలేదు. లోపల ఇల్లు మామూలుగానే ఉంది. ఎండ బల్ల మీద పడుతోంది. అలాగే ఉండేది అప్పుడు కూడా.

"ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. పరికరం కూడా పెట్టాం కదా" అన్నాడు భర్త.

"అది బాగుందని చెబితే నమ్మాలా?" అంది కోడలు.

అత్తగారు చెప్పులు విడిచారు. "నువ్విక్కడే నిలబడు" అన్నారు కోడలితో. "నేను లోపలికెళ్ళి మాట్లాడుతూ ఉంటా. నువ్వు విను. మాటలో ఎక్కడైనా తేడా వస్తే వచ్చి లాక్కెళ్ళు."

"అమ్మా, ఎందుకిదంతా" అన్నాడు కొడుకు.

"నువ్వు ఊరుకో. నీకు తేడా తెలీదు, అమ్మాయికి తెలుస్తుంది."

ఆవిడ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళారు. "ఇది హాలు. ఇది కుర్చీ, దీని మీద దుమ్ము. ఎవరూ తుడిచినట్టు లేరు." అడుగుల చప్పుడు వంటింటి వైపు పోయింది. "ఇది పొయ్యి. ఇది గరిటె. ఇది..." అని ఆగిపోయారు.

కోడలు గుమ్మం చెక్కను రెండు చేతులతో పట్టుకుంది. కాలు అప్పటికే లోపల పడింది.

"దీన్నేమంటారో నాకు ముందునుంచీ తెలీదు. మీ ఆయన కొన్నాడు, కూరలు తరిగేదట" అన్నారు లోపల్నుంచి. తర్వాత అడుగులు వసారా వైపు కదిలాయి. ఆవిడ గొంతు కొంచెం సన్నబడింది కానీ ఆగలేదు. కోడలు ఒక్కో మాటనూ పట్టిపట్టి వింటూ, ఆ గొంతు వెనకాలే మెల్లగా లోపలికి నడిచింది.